ఎడమ చేతి పాఠం

కుడి చెయ్యి బాగుపడిందని తేలిన రోజు ల్యాబులో కాజాల పెట్టె తెరిచారు. మొదటి కాజా న్యాయంగా సౌదామినిదే. తీసుకోవడానికి చెయ్యి చాపబోయింది. ఆ చెయ్యి ముందుకి రాలేదు సరికదా, మెల్లగా వెనక్కి జరిగి నడుం వెనక దాక్కుంది.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కాస్సేపటి కిందటే ఆ చెయ్యి పట్టు కొలిచే పరికరాన్ని గట్టిగా పిండి, విరగక ముందున్న బలం తిరిగొచ్చిందని అందరికీ చూపించింది. తాళం తిప్పింది, సీసా మూత తీసింది, తడిగుడ్డ పిండింది. అంత పనిచేసిన చెయ్యి కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోందేమిటని ఎవరో హాస్యమాడితే, శ్రీకర్ ఆ కాజా తనే తీసి భార్య నోట్లో పెట్టాడు. ఆమెకి దాని తీపి తెలియలేదు. ముందుకి రమ్మని చెయ్యికి ఆమె లోపల్లోపల చెబుతూనే ఉంది. అది వినడం లేదు. ఆ సంగతి అప్పటికి ఆమె ఒక్కదానికే తెలుసు.

ల్యాబంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. కాకినాడలో ఒక డాబా ఇల్లు. కింద సౌదామిని ఫిజియోథెరపీ క్లినిక్కు, పైన ఆమె భర్త శ్రీకర్, అతని దగ్గర ఇద్దరు కుర్ర ఇంజనీర్లు, నేలంతా తీగలు. వాళ్ళు తయారుచేసింది ఒక తొడుగు. పొడుగాటి మేజోడులా ఉంటుంది. బాగున్న కాలికి ఒకటి, దెబ్బ తిన్న కాలికి ఒకటి వేస్తారు. బాగున్నది కదులుతుంటే ఆ కదలికని నరాల దగ్గరే పట్టుకుని, అద్దంలోలాగ కుడి ఎడమలు మార్చి, రెండోదానికి అప్పజెబుతుంది. అందుకని దానికి అద్దం తొడుగని పేరు పెట్టుకున్నారు. మోకాలి ఆపరేషన్లయినవాళ్ళు, చీలమండ బెణికి నెలల తరబడి కుంటినవాళ్ళు దాంతో చకచకా నడిచి వెళ్ళిపోయారు. గడప దాటే కొత్తకోడలికి తప్ప కాళ్ళలో కుడి ఎడమల పట్టింపు ఎవరికుంటుంది గనక? కాళ్ళతో ఏ తేడా రాలేదు.

చేతుల సంగతి వేరని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. తట్టదు మరి. రోజూ మధ్యాహ్నం వాళ్ళంతా అక్కడే కూర్చుని, కుడి చేత్తో అన్నం కలుపుకుని, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ తొడుగు గురించే గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు.

సౌదామిని వానలో క్లినిక్కు మెట్ల మీద జారి, చెయ్యి ఆనించి పడింది. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టు విప్పాక చూస్తే చెయ్యి కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. కొంచెం ఓర్చుకోవాలండీ అని ఇన్నేళ్ళూ పేషెంట్లకి ఎంత తేలిగ్గా చెప్పిందో, ఆ ఓర్పు ఎంత కష్టమో తన చెయ్యి తను వంచుకున్నప్పుడు తెలిసింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. చేతుల తొడుగు అప్పుడే తయారైంది, నీ మీదే మొదలుపెడదామా అని శ్రీకర్ అడిగితే ఒప్పేసుకుంది. అంత తొందర ఎందుకంటే ఇంట్లో వెన్నెల ఉంది. నాలుగేళ్ళ పిల్ల. అమ్మ కలిపి ముద్ద పెడితే తప్ప సరిగ్గా తినదు. కట్టు పడ్డప్పట్నించీ సౌదామిని తల్లి మాణిక్యాంబ వచ్చి వండి పెడుతోంది గానీ, అమ్మమ్మ చేతి ముద్ద పిల్లకి నచ్చడం లేదు. రోజూ అలిగి సగం తిని లేచిపోయేది, చిక్కిపోయింది కూడా.

అందుకే కాజాల సంగతి పక్కన పెట్టి సౌదామిని ఆ సాయంత్రం పక్క సందులో ఉన్న ఇంటికి వెళ్ళగానే కంచంలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి వేసుకుని కూతురి ఎదురుగా కూర్చుంది. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని బలవంతాన కంచం దాకా తీసుకొచ్చింది. వేళ్ళు అన్నానికి తగలబోతుండగా మణికట్టు లోపలివైపు చుర్రుమంది. ఎర్రగా కాలిన ఇనుము ఆనించినట్టే ఉంది. చటుక్కున చూసుకుంది. చర్మం మీద ఏమీ లేదు. చిన్న ఎరుపు కూడా లేదు. ఈలోగా చెయ్యి జారిపోయి మళ్ళీ వెనక దాక్కుంది. వెన్నెలకి ఇదొక ఆటలా తోచింది. అమ్మ వెనక్కి పరిగెత్తి, చేతిని చూసి, దొరికింది దొరికింది అని చప్పట్లు కొట్టింది.

కామేశ్వర్రావు మాస్టారు లేకపోతే ఆమె ఇదంతా తన మనసులో భ్రమే అనుకునేది. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, సైకిలు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంటే సౌదామినితో పాటే ఆయనకీ తొడుగు వేశారు. ఆయన వచ్చి, బొమ్మలు ఎప్పటిలాగే వేస్తున్నానని చెప్పాడు. చిక్కల్లా ఇంకోచోట ఉందిట. వేసిన బొమ్మ ఎవరికైనా ఇవ్వబోతే కుడి చెయ్యి ఇవ్వదు. ప్రసాదం తీసుకోదు. అన్నం ముట్టుకోదు. గుళ్ళో పూజారి తీర్థం పోయబోతే చెయ్యి వెనక్కి పోయిందని, ఏదో సోకిందని భార్య తాయెత్తు కట్టించిందని చెప్పి చొక్కా పైకి లాగి చూపించాడు. మంటగా ఉంటోందా అని సౌదామిని ఆత్రంగా అడిగింది.

"మంటేవిటమ్మా? అలాంటిదేం లేదు," అన్నాడాయన. "మొహమాటంలా ఉంటాది. పెద్దల పంక్తిలో పిలవకుండా వెళ్ళి కూచున్నట్టు."

ఆయన వెళ్ళాక శ్రీకర్ తన కుడి చెయ్యిని, ఎడమ చెయ్యిని బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నవాడిలా చూసుకున్నాడు.

"ఎడమ చెయ్యి చెయ్యగలిగేవి మాత్రమే నేర్పుతుందనుకున్నాం దామినీ," అన్నాడు చివరికి. "చెయ్యకూడనివి కూడా నేర్పేసింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ దాన్ని నువ్వు కాదు, నువ్వు కాదు అంటూనే ఉన్నాం కదా. అదంతా లోపలే ఉంది. ఇప్పుడు కుడి చేతిక్కూడా వచ్చింది."

అంటే ఆమెకిప్పుడు రెండూ ఎడమ చేతులే. ఆ మాట శ్రీకర్ పైకి అనలేదు గానీ ఇద్దరికీ అర్థమైంది. చేతుల తొడుగు ఇంకెవరికీ వెయ్యకూడదని ఆ రోజే ఆపేశారు. మాస్టారిది మొహమాటం, తనది మంట. ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకోకుండా సౌదామిని ఉండలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో ఎవరూ లేకుండా చూసి, ఎడమ చేతికి చెంచా ఇచ్చి, గిన్నెలో పెరుగన్నం వైపు చాపింది. ఇన్నేళ్ళలో ఆ చెయ్యితో అన్నం తిందామని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఎవరు మాత్రం అనుకుంటారు? కట్టు పడ్డప్పట్నించీ ఆమెకి శ్రీకరే తినిపిస్తున్నాడు. చెంచా గిన్నెని తాకకముందే అదే చోట, అదే మంట. కాకపోతే ఈసారి మంట పుట్టిన చోట మచ్చ ఉంది. చింతాకంత మచ్చ, చిన్నప్పటిది. దీపావళికి చిచ్చుబుడ్డి నిప్పురవ్వ పడిందని ఇంట్లో చెప్పేవాళ్ళు. మచ్చ ఎడమ చేతి మీద ఉంది. నొప్పి రెండు చేతుల్లోనూ ఉంది.

చెంచా కింద పడిన చప్పుడుకి మాణిక్యాంబ వచ్చింది. ఆ మచ్చ ఎలా పడిందమ్మా అని సౌదామిని అడిగింది. మాణిక్యాంబ చెంచా తీసి, కడిగి, తుడిచి, దాని చోట పెట్టింది. ఆ తరవాత, చిచ్చుబుడ్డి కాదని, మీ నాయనమ్మ అట్లకాడతో వాత పెట్టిందని చెప్పింది. నువ్వు ఎడమచేతివాటం పిల్లవి, అన్నిటికీ ఆ చెయ్యే ముందు చాపేదానివి, ఓసారి దేవుడి దగ్గర పెట్టిన నైవేద్యం ఆ చేత్తో తీయబోయావు, ఆవిడకి మడీ ఆచారం ఎక్కువ అంది. ఆ మాటతోనే వెళ్ళి పెరట్లో బట్టలు తీసుకొచ్చింది.

తను ఎడమచేతివాటం పిల్లనని సౌదామినికి తెలియనే తెలియదు. ఆ చెయ్యి ఎప్పుడూ వెనకే ఉండేది, అడిగితే సాయం చేసేది. అది అలాగే పుట్టిందనుకుంది.

దేవుడి గదిలో నాయనమ్మ ఫొటో ఉంది. దాని ముందు నిలబడి కుడి చెయ్యి చాపి చూసింది. చెయ్యి మామూలుగా చాచుకుంది, ఫొటో అద్దం మీద దుమ్ము కూడా తుడిచింది. భయపడలేదు. అది చూసి ఆమెకి స్థిమితం కలగాలి. కలగలేదు. ఎందుకంటే అప్పటికే ఆమె ఇంకొకటి గమనించింది. శ్రీకర్ వచ్చినా, పనిమనిషి వచ్చినా, పిల్ల వచ్చి మీద పడినా చెయ్యి ఉన్నచోటే ఉండేది. క్లినిక్కులో తెర వెనక పేషెంటు భుజం సవరిస్తూ ఉండగా ఆ చెయ్యి ఉన్నట్టుండి పేషెంటుని వదిలి వెనక్కి పోయేది. ఎందుకో తెలియక ఆమె తల తిప్పేసరికి తెర పక్కకి జరిగేది. కాఫీ గ్లాసుతో అమ్మ నిలబడి ఉండేది. అడుగుల చప్పుడు తను వినకముందే చెయ్యి వినేది.

తెలిసీ తెలియనట్టు ఉండిపోవడం మనుషులకి బాగా చేతనవును. సౌదామిని కూడా అదే చేసింది.

శ్రీకర్ ఒక దారి చెప్పాడు. ఈసారి తన కుడి చేతికి తొడుగు వేసుకుని, తన చెయ్యి నుంచి ఆమె చెయ్యికి నేర్పిస్తాడు. ఆ చేతిలో ఉన్నదంతా తుడుచుకుపోయి, కుడి చేతికి ఉండవలసినది వస్తుంది. అన్నం కలపడం మాత్రం నాలాగే మొరటుగా కలుపుతావు, అంతకంటే తేడా ఉండదు అని నవ్వించడానికి చూశాడు. సౌదామిని సరేనంది. పిల్ల ముద్ద కోసం నోరు తెరుచుకుని కూర్చుంటే చెయ్యి లేవక, తల్లయి ఉండి ఏడుస్తూ లేచిపోవడం ఆమె వల్ల కావడం లేదు. ఆ ఆదివారం తరవాత చేద్దామనుకున్నారు.

ఆదివారం పొద్దున మాణిక్యాంబ అట్లు పోస్తోంది. వెన్నెల పొయ్యి గట్టు పక్కనే పీట వేసుకుని నిలబడింది. ఆ పిల్ల బలపం పట్టినా, బంతి విసిరినా ఎడమ చేత్తోనే. అమ్మమ్మ బలపం తీసి కుడి చేతిలో పెట్టడం, ఆవిడ అటు తిరగ్గానే పిల్ల మార్చుకోవడం రోజూ జరిగేదే. ఇవాళ అట్టు పెనం మీదుండగానే అంచు తుంపడానికి ఎడమ చెయ్యి చాపింది.

"ఆ చేత్తో కాదని ఎన్నిసార్లు చెప్పాలే? వాత పెట్టేస్తాను చూడు," అంది మాణిక్యాంబ, అట్లకాడ ఎత్తి. అందరిళ్ళలోనూ అనే మాటే అది. నవ్వుతూనే అంది.

సౌదామిని గుమ్మంలో ఉంది. ఆమె కదలాలని అనుకోలేదు, కదలాలని ఆమెకి తోచను కూడా తోచలేదు. ఎప్పుడూ వెనక దాక్కునే కుడి చెయ్యే ముందుకి వచ్చింది. దాని వెనక ఆమె ఈడ్చుకుపోయినట్టు వెళ్ళింది. చెయ్యి వెళ్ళి పిల్ల చేతి మీద వెల్లకిలా పడి, దాన్ని పూర్తిగా కప్పేసి, అట్లకాడ ఎదురుగా మణికట్టు తిప్పి పెట్టింది. మాణిక్యాంబ అట్లకాడ వెనక్కి తీసుకునే లోపలే కాలిన రేకు తగిలింది. చుయ్యిమంది. చెయ్యి వెనక్కి పోలేదు. అట్లకాడ కింద పడిపోయాక కూడా అలాగే ఉంది.

శ్రీకర్ పరిగెత్తుకొచ్చి నీళ్ళు పోశాడు. మణికట్టు లోపలివైపు చింతాకంత కాలింది. ఎడమ చేతి పక్కన పెడితే అద్దంలో చూసినట్టుంది. మాణిక్యాంబ ఆ రెండు చేతుల్నీ చూసింది. పెనం మీద అట్టు మాడిపోతున్నా పట్టించుకోకుండా గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది.

"మీ నాయనమ్మ కాదమ్మా. నేనే పెట్టేను," అంది.

ఆవిడే చెప్పుకుపోయింది. అత్తగారు మాటలు అనేదే గానీ చెయ్యి చేసుకునే మనిషి కాదు. ఎడమచేతివాటం పిల్లని కన్నావు, రేపు దీన్ని ఎవరు పంక్తిలో కూచోబెట్టుకుంటారు అని పదిమందిలోనూ దెప్పేది. ఆ దెప్పులు పడలేక, ఓ పొద్దున అందరూ చూస్తుండగా తనే పెట్టింది. ఇప్పుడు కాదని చెప్పడానికి ఆవిడ లేదు గనక ఆవిడ పేరు చెప్పింది.

"ఒక్కసారే పెట్టేను. ఆ తరవాత నువ్వెప్పుడూ ఆ చెయ్యి ముందుకి ఎత్తలేదు. ఒక్కసారికే మాట విన్నావని, ఎంత బుద్ధిమంతురాలో నా కూతురని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను."

సౌదామినికి కోపం వచ్చింది, జాలి వేసింది. అన్నిటికంటే ఎక్కువగా భయం వేసింది. ఆ పొద్దున తనకి ఏ మూలా జ్ఞాపకం లేదు. ఆ వంటిల్లు లేదు, ఆ ఏడుపు లేదు. తనకి తెలియకుండా తన ఒంట్లోనే ఒక పిల్ల ఇన్నేళ్ళూ నిలబడి ఉంది, ఎవరొస్తున్నారో చెవులు రిక్కించి వింటూ.

తుడిచేద్దామనుకున్న రోజు వచ్చింది. శ్రీకర్ తొడుగులు సిద్ధం చేశాడు. సౌదామిని వద్దంది.

"నాకు గుర్తులేదు శ్రీకర్. అమ్మ ఇన్నాళ్ళూ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది ఈ చెయ్యి ఒక్కటే. దీన్ని కూడా తుడిచేస్తే ఇంకెవరున్నారు?"

అతను తొడుగులు తీసి లోపల పెట్టేశాడు. ఆమె తనకి తెలిసిన వైద్యమే మొదలుపెట్టింది. పడ్డ భయంతో కాలు కింద పెట్టని పేషెంట్లు ఎందరో ఆమె దగ్గరకి వస్తారు. వాళ్ళ కాలుని లాగకూడదు, బెదిరించకూడదు. దేన్ని చూసి భయపడుతోందో దాన్ని దూరంగా పెట్టాలి. కండరం బిగిస్తే ఆగాలి. వదిలితే కాస్త దగ్గరకి జరపాలి. ఈ చెయ్యి దేన్ని చూసి భయపడుతోందో ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి రోజూ మధ్యాహ్నం మాణిక్యాంబ పప్పన్నం కలిపి, అరచేతిలో ముద్ద పెట్టుకుని, హాల్లో ఒక గోడ వారన కూర్చునేది. ఎదుటి గోడ వారన కూతురు. మధ్యలో వెన్నెల తన కంచం పెట్టుకుని, ఎడమ చేత్తో ఒళ్ళంతా పూసుకుంటూ తినేది. పిల్ల తనంతట తను తినడానికి ఒప్పుకున్నది, ఏ చెయ్యి అని అందరూ అడగడం మానేశాకే. ఆ పిల్లని చూస్తూ మాణిక్యాంబ పెదవి కొరుక్కునేది గానీ ఒక్క మాట అనేది కాదు.

మాణిక్యాంబ అభిమానం గల మనిషి. మొదట్లో చెయ్యి చాపి కూర్చోవడమే ఆవిడకి నామోషీగా ఉండేది. ఎదుట కూతురి చెయ్యి తనని చూసి మంచం కింద కుక్కపిల్లలా ముడుచుకోవడం చూశాక ఆ నామోషీ పోయింది. మంటగా ఉందా అని అడిగేది. ఉందంటే వెనక్కి జరిగేది. ముద్ద ఎండిపోతే కొత్తది కలిపేది. వానలు వెళ్ళిపోయాయి, చలి మొదలైంది, వాళ్ళిద్దరి మధ్యా నేల తగ్గుతూ వచ్చింది. మోకాళ్ళు తగిలేంత దగ్గరయ్యాక కూడా చాలా రోజులు ముద్ద ఆవిడ అరచేతిలోనే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం కుడి చెయ్యి వచ్చింది. ఎవరూ పిలవలేదు. వణుక్కుంటూ వచ్చి, అమ్మ అరచేతిని వేలి కొసలతో తడిమి, ముద్ద తీసుకుని, సౌదామిని నోటి దాకా తెచ్చింది. మంట లేదు. మాణిక్యాంబ పమిట నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రాత్రి వెన్నెలకి అమ్మ చేతి ముద్ద దొరికింది. వద్దు, నేనే తింటానని ఆ పిల్ల అనేదాకా సౌదామిని పెడుతూనే ఉంది.

కుడి చెయ్యి నేర్చుకున్నది ఇప్పుడు తొడుగుతో ఎడమ చేతికి చెప్పించెయ్యొచ్చని మర్నాడు శ్రీకర్ ఉత్సాహంగా అన్నాడు. అప్పటిదాకా సౌదామినికి ఎడమ చేతి మాటే గుర్తులేదు. చూసుకుంది. అమ్మ ఎదురుగా ఉంది. ఎడమ చెయ్యి నడుం వెనక ఉంది, పిడికిలి బిగించుకుని. ఎప్పుడు వెళ్ళిందో ఆమెకి తెలియదు.

"అది ఎప్పుడూ అలాగే ఉంటాది," అంది మాణిక్యాంబ నెమ్మదిగా. "నన్ను ఎప్పుడు పట్టుకున్నా కుడి చేత్తోనే పట్టుకునేదానివి. పెళ్ళయి వెళ్తూ కావలించుకున్నప్పుడు కూడా ఒక్క చెయ్యే పడింది నా మీద. నేనే గమనించుకోలేదు. మిషను వద్దు బాబూ. అది నేను చేసింది."

ఆవిడ లేచి అన్నం కలిపి తెచ్చింది. కూతురికి ఎడమ పక్కన, వెనగ్గా వెళ్ళి, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ నేల మీద కూర్చుంది. అరచేతిలో ముద్ద పెట్టుకుని చాపింది.

"రా అమ్మలూ," అంది. "అన్నం చల్లారిపోతోంది."

అమ్మ తన మొహంలోకి చూడటం లేదని, ఆ పిలుపు తనకి కాదని సౌదామినికి తెలుసు. ఊపిరి బిగబట్టి కూర్చుంది. వెనక పిడికిలి ఇంకాస్త బిగుసుకుంది. మాణిక్యాంబ చాపిన చెయ్యి దించలేదు.